మాజీ సైనికుల సంఘం మన వాడకు ఏమైతది?

ఆగస్టు 15, జనవరి 26 వచ్చిందంటే మన మండల కేంద్రాల్లో మాజీ సైనికుల సంఘం వాళ్లు కనబడతారు. ఇస్త్రీ చేసిన కోటు, ఛాతీ మీద పతకాలు, నెత్తిన టోపీ. జెండా ఎగరేస్తారు, సెల్యూట్ కొడతారు, పిల్లలకు మిఠాయి పంచుతారు. తెల్లారి నుంచి ఆ సంఘం ఎక్కడుందో ఊరికి తెలియదు. గదికి తాళం. తాళం తీసిననాడు లోపల నడిచేవి పెన్షన్ ఎంత పెరిగింది, క్యాంటీన్‌లో సరుకు వచ్చిందా, భూమి ఫైలు ఏ టేబుల్ మీద ఆగింది అన్న ముచ్చట్లే.

ఇవి చిన్న సంగతులని మేము అనడం లేదు. పదిహేను, పదిహేడేళ్లు మంచులోనూ ఎండలోనూ కాపలా కాసి వచ్చినవాడు తన హక్కు అడగాలంటే సంఘం ఉండాల్సిందే. జిల్లా సైనిక బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. 1949 నుంచి ప్రతి డిసెంబర్ 7న జెండా దినం పేరుతో చందాలు వసూలు చేస్తున్నారు. ఇన్ని ఉన్నా అడగనిదే ఏదీ రాలేదు. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం 2015లో ముసలి సైనికులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. ఆగస్టులో పోలీసులు వాళ్ల మీద చేయి కూడా చేసుకున్నారు. ఆ నవంబర్‌లో గానీ ఉత్తర్వులు రాలేదు. సంఘం బలమేందో వాళ్లకు మనం చెప్పాల్సిన పని లేదు.

మా ప్రశ్న వేరు. ఆ సంఘం మన మాల మాదిగ వాడకు ఏమైతది? మేనమామ అయితదా, పక్కింటోడు అయితదా, దారిన పోయే దానయ్య అయితదా?

ఈ ప్రశ్న ఎందుకు వేస్తున్నామో చెప్తాం. మన వాడలో మనిషికి నోరు ఎందుకు లేవదో అందరికీ ఎరుకే. రేపు పొద్దున కూలికి పిలిచేవాడు, అక్కరకు అప్పు ఇచ్చేవాడు, కౌలుకు చెలక ఇచ్చేవాడు ఎవడో వాడి మీదనే కేసు పెట్టాలి. వాడి ఎదుటనే నిలబడి సాక్ష్యం చెప్పాలి. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం గట్టిదే. కానీ కోర్టు మెట్లు ఎక్కేసరికి సాక్షి మాట మారుస్తాడు. మార్చకేం చేస్తడు? ఇంట్ల కుండ ఎవని గింజలతో ఉడుకుతున్నదో వాని మీద సాక్ష్యం ఎట్ల చెప్తడు? వకీలు దీన్ని 'సాక్షి ఎదురు తిరిగిండు' అంటడు. ఎదురు తిరగలేదు, ఆకలికి లొంగిండు.

ఈ లెక్కన చూస్తే ఊళ్లో నోరు లేవగలిగినవాళ్లు కొద్దిమందే. సింగరేణి బొగ్గుబాయిలో పనిచేసే కార్మికుడు, ఆర్టీసీ డ్రైవరు, మా లాంటి బడిపంతుళ్లు, పెన్షన్ మీద దిగిన మిలిటరాయన. వీళ్ల బువ్వ ఊరి పెద్దల చేతి మీదుగా రాదు. అందులోనూ మిలిటరాయనకు మా కంటే ఒక పాలు ఎక్కువే ఉంది. పంతులు గట్టిగా మాట్లాడితే బదిలీ భయం, సస్పెన్షన్ భయం, ప్రవర్తన నియమావళి భయం. పెన్షన్‌దారుకు బదిలీ లేదు. పైగా సిపాయిగా చేరినోడు ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఇంటికొస్తడు. కాళ్లల్ల సత్తువ ఉన్నప్పుడే వస్తడు. హిందీ వచ్చు, నాలుగు రాష్ట్రాలు చూసినోడు, ఆఫీసరు ముందు నిలబడి మాట్లాడడం తెలిసినోడు. సబ్ ఇన్‌స్పెక్టర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చుంటడు. మనోళ్లు ఇంకా ఆ కుర్చీ దిక్కు చూడడానికే జంకుతారు.

ఇట్లాంటి మనుషులు పదిమంది ఒక గదిలో కూడుతున్నారంటే అది ఉత్త గది కాదు. ఒకసారి అట్లాంటి గది ఈ దేశ చరిత్రనే మలిపింది. ఆ కథ మన కార్యకర్తల్లో కూడా చాలామందికి తెలియదు.

మహారాష్ట్ర కొంకణంలో దాపోలి అని చిన్న పట్నం. కంపెనీ సైన్యంలో, ఆ తర్వాత రాణి సైన్యంలో పనిచేసి పెన్షన్ మీద దిగిన మహార్, చాంభార్ సైనికులు చాలామంది అక్కడ ఇండ్లు కట్టుకున్నారు. సైన్యంలో సిపాయిలకూ వాళ్ల పిల్లలకూ చదువు చెప్పే బడులుండేవి. ఊళ్లో బడి గడప తొక్కనీయని కులాల వాళ్లు బారకాసుల్లో అక్షరాలు నేర్చుకున్నారు. పెన్షన్ చేతిలో, అక్షరం నోట్లో, వెన్నెముక నిటారుగా. వాళ్లలో ఒకాయన గోపాల్ బాబా వలంగ్కర్. 1886లో సైన్యం నుంచి దిగాడు. ఫూలే ఆలోచనలు ఒంటబట్టించుకున్నవాడు. 1888లో 'విటాళ్ విధ్వంసక్' అనే పుస్తకం అచ్చేసి, అంటరానితనం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని అగ్రకులాలను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు. 'అనార్య దోష పరిహారక మండలి' పెట్టాడు. ఈ దేశంలో అంటరానివాళ్లు తమకు తాము పెట్టుకున్న తొలి సంఘాల్లో అదొకటి. పెట్టింది పెన్షన్ సిపాయి.

ఆ పెన్షనర్లు ముందుగాల ఏం అడిగారో తెలుసా? దాపోలి మునిసిపల్ బడిలో తమ పిల్లల్ని చేర్చుకోమన్నారు. అర్జీ మీద అర్జీ పెట్టారు. 1890 దశకంలో ఆ కొట్లాట నడిచి నడిచి, ఆఖరుకు పిల్లలకు దొరికింది బడి వరండా. లోపల గదిలో బ్రాహ్మణ పిల్లలు, బయట వరండాలో సిపాయి పిల్లలు. వరండా అంటే మనకు కోపమొస్తది, రావాలి కూడా. కానీ వరండా దాకా రావడానికి కూడా పెన్షన్ ఉన్న తండ్రులు కావాల్సి వచ్చిందన్నది మనం పట్టుకోవాల్సిన ముక్క. 1895లో వలంగ్కర్‌ను మహాడ్ తాలూకా బోర్డులో సభ్యుడిగా వేస్తే, ఆయన పక్కన కూర్చోబోమని అగ్రకుల సభ్యులు గొడవ చేశారు. అదే మహాడ్‌లో 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్లు మనోళ్లు తాగారు. మధ్యలో ముప్పై రెండేళ్లు.

అదే దాపోలికి వచ్చి కొన్నాళ్లు ఉన్న ఇంకో పెన్షనర్ సుబేదార్ రాంజీ సక్పాల్. సైనిక బడిలో పద్నాలుగేళ్లు హెడ్మాస్టరు. ఆయన ఆఖరు కొడుకు 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టాడు. ఆ కొడుకెవరో చెప్పాల్సిన పని లేదు. మన వాడవాడకూ విగ్రహం ఉంది. ఆ విగ్రహం చేతిలో పుస్తకం కనిపిస్తది. దాని వెనుక ఒక సిపాయి పెన్షన్ ఉందన్నది కనిపించదు.

1890 దశకం మొదట్లో బ్రిటిష్ వాళ్లు మహార్ల భర్తీ ఆపేశారు. లార్డ్ రాబర్ట్స్ లాంటి సేనాపతులకు 'యోధ జాతులు' అనే పిచ్చి సిద్ధాంతం పట్టింది. ఫలానా కులం పుట్టుకతోనే వీరులు, ఫలానా కులం పిరికివాళ్లు. మనువు రాసింది ఇంగ్లీషులోకి మారింది, అంతే. వలంగ్కర్ దాని మీద 1894లో అర్జీ రాశాడు. రాంజీ సక్పాల్ రానడే దగ్గరికి పోయి అర్జీ రాయడానికి సాయం అడిగాడు. 1910లో శివరాం జాన్బా కాంబ్లే లండన్‌లోని భారత మంత్రి దాకా అర్జీ పంపాడు. మహాడ్ సభలో అంబేద్కర్ కూడా ఈ భర్తీ సంగతి ఎత్తాడు. ఎందుకంత పట్టుదల? సైన్యం మీద మోజా? కాదు. ఆ ఒక్క తలుపు మూసుకుంటే పెన్షన్ పోతది, పెన్షన్‌తో బడి పోతది, బడితో అర్జీ రాసే చేయి పోతది. వాళ్లకు ఆ లెక్క తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొస్తే 1917లో మహార్ దళం లేపారు, అక్కర తీరినంక 1921లో ఎత్తేశారు. మళ్లీ 1941లో, ఇంకో యుద్ధంలో, అంబేద్కర్ పట్టుబట్టినంక మహార్ రెజిమెంట్ పుట్టింది. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టి 1946లో రద్దు చేశారు. యుద్ధమప్పుడు మన ఒళ్లు కావాలి. యుద్ధం అయిపోతే మన కులం గుర్తొస్తది.

భీమా కోరేగావ్ స్తంభం సంగతి ఇప్పుడు అందరికీ ఎరుకే. 1818 జనవరి 1న పీష్వా సైన్యంతో జరిగిన పోరులో చనిపోయినవాళ్ల 49 పేర్లలో 22 పేర్ల చివర మహార్లకు ఉండే 'నాక్' అన్న మాట ఉంది. 1927 జనవరి 1న అంబేద్కర్ అక్కడికి పోయాడు. రెండు వందల ఏండ్లు నిండిన 2018 జనవరి 1న అక్కడికి పోయిన దళితుల మీద రాళ్లు పడ్డయి. రాయి మీద పేరుంటే ఇంత మంట ఎందుకో ఆలోచించండి.

ఇక మన దిక్కు చూద్దాం. ఆ కథ మన దగ్గర ఎందుకు నడవలేదు?

మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు, వాళ్లలో అంటరాని కులాలవాళ్లు ఉన్నారు. రాబర్ట్స్ కాలంలో దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని ముద్ర వేసి వాళ్లనూ తగ్గించారు. మనది నిజాం రాజ్యం. సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806 నాటిది. దాని చుట్టూ కొలువులు దొరికాయి, బడులు దొరికాయి. జంట నగరాల్లో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్ మిత్ర మండలి పెట్టగలిగారు. కానీ మానేరు దాటి, గోదారి దాటి మన కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లకు వస్తే గడి, గడి ముందు వెట్టి. మా తాతల ముచ్చట్లలో తుపాకీ కనబడదు. దొర బండి ముందు ఉరికినది కనబడతది, చచ్చిన గొడ్డును ఈడ్చింది కనబడతది, గడి వాకిలి ఊడ్చింది కనబడతది. 1948 సెప్టెంబర్ దాకా నడిచిన రాజ్యమది, ఆ తర్వాత కూడా గడి గోడ వెంటనే కూలలేదు. కాబట్టి దాపోలి లాంటి తరం మనకు లేకపోయె. మన వాడల్లో పెన్షన్ తాతలు దాపోలికి డెబ్భై, ఎనభై ఏండ్లు ఆలస్యంగా దిగారు.

ఆదిలాబాద్ దిక్కు కొంచెం వేరు. అక్కడ మహార్ల వాడలున్నయి, మన రాష్ట్ర షెడ్యూల్డ్ కులాల జాబితాలో మహార్ పేరుంది. ఏటి అవతల చంద్రపూర్. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న అంబేద్కర్ రెండు రోజులకు, 16న, ఆ చంద్రపూర్‌లోనే జనానికి దీక్ష ఇచ్చారు. చుట్టరికాలు ఏటికి ఆ ఒడ్డున, ఈ ఒడ్డున ఉన్నయి. దాపోలి కథ వాళ్ల ఇంటి కథే. ఈ జిల్లాల మాజీ సైనికుల గదుల్లో అది వినబడాలె.

తెలుగు నేల మీద సైనికుల ఊరు అంటే అందరూ చెప్పేది పశ్చిమ గోదావరి దిక్కు మాధవరం. మిలిటరీ మాధవరం అనే పిలుస్తరు. యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లతో అక్కడ స్మారకం కట్టుకున్నారు. మంచిదే. తమ వాళ్లను తలుచుకునే హక్కు వాళ్లకుంది. మన ఊళ్లల్ల వాడ నుంచి పోయినవాడి పేరు చెక్కిన రాయి ఎన్ని చోట్ల ఉంది? 1962, 1965, 1971, 1999 యుద్ధాల్లో చేసి వచ్చినవాళ్లు మన మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఊరి బడి గోడ మీద దాతల పేర్లు రాసి ఉంటయి. ఆ గోడకు వీళ్ల పేర్లు ఎందుకు ఎక్కలేదు?

సంఘం లోపల కూడా కులం బయట చెప్పులు విడిచి రాదు. మాకు తెలిసిన ఒక మండలంలో, పేరు చెప్పం, సుబేదార్ దాకా ఎదిగి వచ్చిన వాడ మనిషిని సంఘంలో ఉపాధ్యక్షుడి దగ్గరనే ఆపిండ్రు. అధ్యక్షుడు ఆయన కంటే మూడు మెట్లు కిందనే దిగిపోయినోడు. కాకపోతే ఊళ్లో ఎకరాలున్నోడు. సైన్యంలో సెల్యూట్ కొట్టించుకున్న మనిషి ఊరికొచ్చి మళ్లీ 'ఒరే' అనిపించుకోవాలి. "అక్కడ ఒకే లంగర్‌లో తిన్నం సారూ, ఇక్కడ పెండ్లి పంక్తిలో ఎక్కడ కూర్చోవాలో వెతుక్కుంటున్న" అని ఆయన మాతో అన్నాడు.

ఇది ఒక్క మన ఊరి రోగమే అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు 1916లో పెద్ద సంఘం పుట్టింది, ఊరూరా దానికి క్లబ్బులున్నయి. ఆ నేల అసలు వారసులైన ఆదివాసీ సైనికులను చాలా క్లబ్బుల్లో గడప తొక్కనీయలేదు. ఒక్క అమరుల దినం నాడు రానిచ్చేవాళ్లు, తెల్లారితే తలుపు మూసేవాళ్లు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం సైనికులకు ఇల్లు, భూమి, వ్యాపారం కోసం అప్పులిచ్చే చట్టం 1944లో వచ్చింది. 1947లో మిసిసిపీ పట్టణాల్లో అట్లా ఇప్పించిన 3,229 అప్పుల్లో నల్లవాళ్లకు దక్కినవి రెండే. రెండంటే రెండు. ఆ మిసిసిపీలోనే మెడ్గర్ ఎవర్స్ అనే నల్ల సైనికుడు యుద్ధం నుంచి వచ్చి 1946లో ఓటు వేయబోతే తెల్లవాళ్లు అడ్డం తిరిగారు. ఆయన ఇంట్ల కూర్చోలేదు. ఊరూరా తిరిగి సంఘాలు కట్టాడు. 1963 జూన్‌లో ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. దేశం కోసం తుపాకీ పట్టినోడు తన వాడ కోసం నోరు విప్పితే దొరలకు ఎంత భయమో చూడండి. ఆ భయమే మనకు దారి చూపిస్తది.

సైన్యంలో చేరడమే తప్పని మనలో కొందరు మిత్రులంటారు. సైన్యం రాజ్యం చేతిలో కర్ర, ఆ కర్ర మన చేతికిచ్చి మన లాంటి పేదల మీదనే ఎత్తిస్తారు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. ఉత్తర తెలంగాణలో పుట్టి పెరిగినవాళ్లకు ఖాకీ బట్ట చూస్తే ఏం యాదికొస్తదో మాకూ తెలుసు. కానీ వాడ పోరడు పదో తరగతి పాసై, పొద్దున నాలుగింటికి లేచి రోడ్డు మీద ఉరుకుతున్నాడంటే వాడు రాజ్యం కోసం ఉరకడం లేదు. అయ్య చేసిన పాలేరుతనం నుంచి ఉరుకుతున్నాడు. వాడిని ఆగమనే ముందు వాడికి ఇంకో దారి చూపాలె. చూపలేనప్పుడు ఆ దారిలో పోయి తిరిగొచ్చినవాడిని మన దిక్కు మలుపుకోవాలె.

దారి కూడా సాఫీగా లేదు. ఈ సంగతి మన పోరగాండ్లు వివరంగా తెలుసుకోవాలె. సైన్యంలో షెడ్యూల్డ్ కులాలకు రిజర్వేషన్ లేదు. 'మాకు కులం లేదు, ప్రతిభే' అంటారు. అట్లాంటి సైన్యంలోనే రాష్ట్రపతి అంగరక్షక దళంలోకి రాజపుత్రులు, జాట్లు, సిక్కులను మాత్రమే తీసుకుంటామని 2013లో సుప్రీంకోర్టుకు రాసిచ్చారు. ఎత్తు, రూపు, పని అవసరం అని సాకు. కె.ఆర్. నారాయణన్ 1997 నుంచి 2002 దాకా, రాంనాథ్ కోవింద్ 2017 నుంచి 2022 దాకా రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. వాళ్ల గుర్రపు దళంలో వాళ్ల కులపోడికి చోటు లేదు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో రిజర్వేషన్ ఉంది కాబట్టి మన పిల్లలు ఎక్కువగా అటు పోతారు. కానీ 2004 జనవరి నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ ఎగరగొట్టారు, సైన్యానికి మాత్రం ఉంచారు. పైగా బలగాల నుంచి దిగినవాడు చట్టం లెక్కలో 'మాజీ సైనికుడు' కాడు. ఉద్యోగాల్లో ఆ కోటా రాదు, సైనిక సంక్షేమ కార్యాలయం మెట్లు ఎక్కితే 'నువ్వు మా లెక్కలోకి రావు' అంటరు. అంటే మనకు రిజర్వేషన్ ఉన్నచోట పెన్షన్ లేదు, పెన్షన్ ఉన్నచోట రిజర్వేషన్ లేదు. ఇది ఎవరో కూర్చొని కుట్రగా చేసిందని మేము అనం. కానీ నష్టం ఎవరికో లెక్క కట్టి చూసుకోవచ్చు.

ఆ మిగిలిన ఒక్క పెన్షన్ మీద కూడా దెబ్బ పడింది. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించారు. సిపాయిగా చేరినవాడు నాలుగేండ్లు చేయాలి. నూటికి ఇరవై అయిదు మందిని మించి ఉంచుకోరు. మిగతా డెబ్భై అయిదు మందికి పదకొండు లక్షల పైన రూపాయలు చేతిలో పెట్టి పంపుతారు. పెన్షన్ లేదు. ప్రకటన వచ్చిన మూడో రోజు, జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో పోరగాండ్లు విరుచుకుపడ్డారు. రైళ్లు కాలబెట్టారు. పోలీసు కాల్పుల్లో వరంగల్ దిక్కు పిల్లగాడొకడు చనిపోయాడు. రైలు కాలబెట్టడం తప్పని పత్రికలన్నీ పేజీలు నింపాయి. ఎన్నేండ్ల నుంచి ఆ పిల్లలు ఏ ఆశ మీద ఉరికారో, ఆ ఆశ ధర ఎంతో రాసినవి తక్కువ.

పదకొండు లక్షలు తక్కువనా అని అడిగేవాళ్లుంటారు. చెల్లె పెండ్లికి కొంత, అయ్య అప్పుకు కొంత, రేకుల ఇంటి మీద స్లాబుకు కొంత. ఏడాది తిరిగేసరికి చేతిలో ఏముంటది? ఇరవై అయిదేండ్ల వయసులో అదే పోరడు మళ్లీ అదే ఊళ్లో అదే మనిషి దగ్గరికి పని అడగపోవాలె. నెలనెలా వచ్చే పెన్షన్ సొమ్ము కింద చిన్నదే కావచ్చు, అది మనిషిని ఊరి పెద్ద చేతిలో నుంచి బతికున్నన్ని రోజులు బయట ఉంచుతది. అతని తర్వాత భార్యను ఉంచుతది. అసలు ధర అక్కడుంది. 1890 దశకంలో తలుపు మూస్తే మనోళ్లు ముప్పై ఏండ్లు అర్జీలు రాశారు. ఇప్పుడు తలుపు తెరిచే ఉంచి లోపల పెన్షన్ తీసేస్తే అర్జీ రాసేవాడే కనబడడం లేదు. 2022 చివర, 2023 మొదట్లో శిక్షణకు పోయిన మొదటి జట్టుకు 2026 చివర, 2027 మొదట్లో నాలుగేండ్లు నిండుతయి. వాళ్లు దిగినంక మాజీ సైనికుల సంఘాలు వాళ్లను లోపలికి రానిస్తయా, క్యాంటీన్ కార్డు లేదని గడప దగ్గర ఆపుతయా? అన్నలారా, పతకాలు పెట్టుకున్న పెద్దలారా, ఈ జవాబు మీరే ఇవ్వాలె. సింగరేణిలో ఒకప్పుడు లక్ష దాటి ఉన్న కార్మికులు దాదాపు నలభై వేలకు దిగారు. బాయి జీతం తగ్గింది, ఇప్పుడు సిపాయి పెన్షన్ తగ్గుతున్నది. ఊరికి లొంగని బువ్వ ఒక్కో గిన్నె ఖాళీ అవుతున్నది.

భూమి సంగతి ఒక ముక్క చెప్పాలె. మాజీ సైనికుడికి సర్కారు ఇచ్చిన భూమిని పదేండ్ల తర్వాత అమ్ముకునే వెసులుబాటు ఉంది. మన పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమికి 1977 చట్టం కింద అది లేదు. అందుకే బ్రోకర్లు మిలిటరాయన ఇంటి చుట్టూ తిరుగుతరు. పదో ఏడు నిండకముందే బయానా చేతిలో పెట్టి తెల్లకాగితం మీద వేలిముద్ర తీసుకుంటరు. 2020లో ధరణి, 2025లో భూభారతి అని రికార్డులు మారినప్పుడల్లా పేరు మాయమైన పట్టాలు మన పిల్లల పుస్తకాల సంచుల్లో తిరుగుతున్నయి. సంఘం ఇంకేమీ చేయకపోయినా మండలంలో సైనికులకు ఇచ్చిన భూముల సర్వే నంబర్లు, ఇప్పుడు దున్నుతున్నదెవరో ఒక నోటుబుక్కులో రాసి పెడితే చాలు, ఎంతమంది నిద్ర పట్టక లేస్తారో చూడొచ్చు.

మన కార్యకర్తలకు పని చెప్తున్నాం. ఈ పక్షం వాడవాడకూ పోయి సైన్యం నుంచి, బలగాల నుంచి దిగినవాళ్లెవరో రాసుకోండి. మాల మాదిగ అని, మహార్ నేతకాని అని విడదీయకండి. మాజీ సైనికులను మండల సంఘంలో చేర్పించండి, ఓటు వేయించండి, పదవికి నిలబెట్టండి. బలగాల వాళ్లను కూడా కలుపుకుంటామని ఆ సంఘంతో తీర్మానం చేయించండి. పొద్దున ఉరికే పోరగాండ్లకు పరుగు నేర్పమని, ఫారాలు నింపమని మిలిటరాయనను అడగండి, కాదనడు. అడిగినోడు లేకనే ఇంట్ల కూర్చున్నడు. స్టేషన్‌కు పోయేటప్పుడు ఆయనను ముందు నడవమనండి. కేసులో సాక్షిగా నిలబడమనండి.

ఇంకొక పని, ఇది ఆలస్యం చేస్తే కాదు. సిపాయి చనిపోతే అతని భార్యకు కుటుంబ పెన్షన్ రావాలె. చాలా ఇండ్లల్ల అది రావడం లేదు. ఎందుకంటే రెజిమెంటు రికార్డులో ఆమె పేరు ఎక్కలేదు, ఎక్కినా 'లచ్చవ్వ' అని ఒక చోట, 'లక్ష్మి' అని ఇంకో చోట ఉంది. ఆధార్‌లో ఇంకో పేరు. 2021 నుంచి పెన్షన్ వ్యవహారం కంప్యూటర్‌లో 'స్పర్శ్' అనే దానిలోకి మారింది, అక్కడ ఒక్క అక్షరం కలవకపోయినా కాగితం వెనక్కి వస్తది. ఏడాదికోసారి బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పైసలు ఆగుతయి. కాబట్టి మనిషి బతికున్నప్పుడే ఆ ట్రంకు పెట్టె తెరిపించండి. డిశ్చార్జి బుక్కు తీయండి, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు తీయండి, ఆధార్ పక్కన పెట్టండి. మూడింటిలో భార్య పేరు ఒకే తీరుగా ఉందా చూడండి. పుట్టిన పిల్లల పేర్లు ఎక్కినయా చూడండి. తేడా ఉంటే ఆయన సంతకంతో రెజిమెంటు రికార్డు ఆఫీసుకు దరఖాస్తు రాయించి రిజిస్టర్ పోస్టులో పంపించండి, రసీదు ఆమె చేతికివ్వండి. పెన్షన్ లేకుండా దిగిన ముసలి సైనికులకు, వాళ్ల భార్యలకు కేంద్ర సైనిక బోర్డు నుంచి నెలనెలా సహాయం ఉంటది, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో దరఖాస్తు పెట్టించండి. అక్కడికి ఆమెను ఒంటరిగా పంపకండి, ఒకరు వెంట పోండి.